గరీబుపేట రక్తస్ఫటికములు : ఇల్లందు సీమ ఖనిజములును ఆభరణశిల్పమును

ఇల్లందు పేరు వినగనే తెలుగువారికి మొదట స్ఫురించునది బొగ్గు. భద్రాచలమునకు పోవు యాత్రికులు త్రోవలో పొయ్యికి రాళ్ళు పెట్టి వంట చేసికొనుచుండగా ఆ రాళ్ళే అంటుకొని మండినవని ఈ సీమలో ఒక కథ చెప్పుకొందురు. కథ యెట్లున్నను, 1871లో భారత భూగర్భ పరిశోధక శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఈ ఊరి సమీపమున రాతిబొగ్గును గుర్తించెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వకపు హక్కులను పొందెను. 1889 నాటికి గనులు పని చేయుచుండెను. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. పొరుగుననున్న చిన్న గ్రామము పేరు ఆ మూలమున దేశమంతట ప్రసిద్ధమైనది. బొగ్గుపొరలలో ఒకదానికి నేటికిని కింగ్ పేరే నిలిచియున్నది. జనులు ఇల్లందును బొగ్గుట్ట యనుటయు కలదు. ఇట్లు ఈ నల్లని సంపదకు తేదీలు కలవు, పేరులు కలవు, లెక్కలు కలవు.

ఇదే అడవిసీమలో, ఇల్లందునకు తూర్పున, కొత్తగూడెము దాపున గరీబుపేట గుట్ట యొకటి కలదు. దానియందు దొరకునది గార్నెట్టు అను ఎఱ్ఱని స్ఫటికము. కింగ్ దొర వచ్చుటకు వెయ్యేండ్లకు పైగా ముందే ఈ ఎఱ్ఱరాయి సముద్రము దాటి దూరదేశములకు చేరినది. అయినను ఆ ప్రయాణమును తెలుపు శాసనము కాని, కావ్యము కాని, కవిలె కాని మా యెఱుకలో లేదు. వ్రాతలేని యీ చరిత్రను ఇటీవలి పరిశోధన రాతి గర్భమునుండియే చదువగలిగెను. అదియు రత్నశాస్త్రము దోషములని నిందించిన గుర్తుల వలననే సాధ్యమైనది. ఈ విషయమును నిరూపించి, దానివలన ఆభరణశిల్పమునకును చరిత్రరచనకును కలుగు ఫలమును సూచించుట యీ వ్యాసముయొక్క ఉద్దేశ్యము.

ముందుగా సీమను గూర్చి ఒక మాట. ఇల్లందు మొదట వరంగల్లు జిల్లాలోనిది. 1953లో ఖమ్మము జిల్లా ఏర్పడినప్పుడు అందు చేరెను. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనికి వచ్చెను. భద్రాచలము 1959 వరకు తూర్పుగోదావరి జిల్లాలో నుండెను. ఎల్లలు ఇట్లు మాఱుచుండుటచే పాతగ్రంథములలో ఈ ప్రాంతపు ఖనిజముల ప్రస్తావన ఒకచోట నిజాము రాజ్యము క్రిందను, మఱియొకచోట పాల్వంచ పేరుతోను, ఇంకొకచోట గోదావరిలోయ వర్ణనలోను చెదరియున్నది. పరిశోధక విద్యార్థులు ఈ సంగతిని మఱువరాదు. అందుచే ఇట ఇల్లందు సీమ యనగా ఖమ్మము మొదలు భద్రాచలపు అడవుల అంచువరకు గల నేల యని గ్రహింపవలెను.

ఈ విషయమునకు మేము దిగుటకు కారణము మా పొరపాటే. కొన్ని సంవత్సరముల క్రిందట ఇల్లందునుండి వచ్చిన యొక విద్యార్థి గుట్టక్రింద ఏరుకొన్న ఎఱ్ఱరాతి పలుకును మా బల్లపై నుంచి, దీని విలువ యెంత యని యడిగెను. కిటికీకడ వెలుతురునకు పట్టి చూచితిమి. నడుమ మసకయు, అంచువైపున వెండ్రుకలవంటి చారలును కనబడెను. అప్పుడు మేము రత్నపరీక్షా గ్రంథములను చదువుచున్న వారము. ఆ గర్వముతో, ఇది సదోషము, దీనికి విలువ లేదని చెప్పి తిరిగి యిచ్చివేసితిమి. అతడు మాఱుమాటాడక జేబులో వేసికొనిపోయెను. తరువాత కొంతకాలమునకు గరీబుపేట రాళ్ళపై వెలువడిన వ్యాసములను చదివినప్పుడు గాని, విలువలేవని మేము త్రోసిపుచ్చిన ఆ చారలలోనే ఆ రాతి చరిత్రయంతయు ఉన్నదని మాకు తెలియలేదు.

గార్నెట్టు ఒక్క ఖనిజముపేరు కాదు, ఒక కుటుంబము పేరు. గరీబుపేటలో లభించునది అందు ఆల్మండైను అను జాతి; ఇనుము, అల్యూమినియము, సిలికా కలసి యేర్పడినది. దీని యెఱుపునకు ఇనుమే కారణము. కాఠిన్యమున ఇది స్ఫటికశిలకు సమముగనో, కొంచె మెక్కువగనో యుండును. సానపట్టని గార్నెట్టు స్ఫటికము సహజముగనే పండ్రెండు ముఖములు గలిగి, ఒక్కొక్క ముఖము సమభుజముల వాలుచతురస్రమై యుండును. కొన్నింటికి ఇరువదినాలుగు ముఖములుండును. ఉలి సోకకయే ఇంతటి సమరూపత గల వస్తువు చేతికి దొరకినప్పుడు ప్రాచీన మానవుడు దానిని దాచుకొనుటలో ఆశ్చర్యము లేదు. లెక్కప్రకారము ముఖములు తీర్చుట యను భావము శిల్పికి ఇట్టి రాళ్ళను చూచియే తోచియుండునని మా యూహ.

గరీబుపేట గుట్ట కేంబ్రియను పూర్వయుగపు శిలలతో నేర్పడినది. ఒకప్పటి బంకమన్ను అవక్షేపములు భూగర్భమున మిక్కిలి వేడికిని ఒత్తిడికిని లోనై పొరలుపొరలుగా నుండు శిలలుగా మాఱగా, వానిలో గార్నెట్టు, కయనైటు, సిల్లిమనైటు అను ఖనిజములు పెరిగినవి. కాలక్రమమున శిల చివికి, గట్టివగు గార్నెట్లు మాత్రము మిగిలి గుట్టక్రింది మట్టిలోను కంకరలోను చేరినవి. గని త్రవ్వకయే ఏరుకొనదగిన రత్నములివి. ఖమ్మము సీమలోనే గొబ్బుగుర్తికడ కురువిందమును లభించును. సానపట్టుటకు కావలసిన కఠినమైన పొడి కురువిందమునుండియే వచ్చును. ఆంగ్లమున ఆ ఖనిజమునకు గల పేరు సయితము ద్రావిడభాషల కురువింద శబ్దమునుండి పుట్టినదే. రాయియు, రాతిని కోయు పొడియు ఒక్క సీమలోనే యుండుట గమనింపదగినది.

ఇక పేరుల సంగతి. గార్నెట్టు అను పదము లాటినున దానిమ్మపండు పేరునుండి వచ్చినది. ఎఱ్ఱని రత్నమును దానిమ్మగింజతో పోల్చుట మన కవులకును పరిచితమే. అంతకుమించి ఆసక్తికరమైన పేరు వేఱొకటి కలదు. ప్రాచీన గ్రీకులు ఎఱ్ఱనిమణిని బొగ్గు అను అర్థముగల ఆంత్రక్స్ శబ్దముతో పిలిచిరి. రోమనులు దానినే చిన్నబొగ్గు, అనగా నిప్పుకణిక, అను అర్థమున కార్బంకులస్ అనిరి. క్రీస్తుపూర్వము 4వ శతాబ్దమున అరిస్టాటిలు శిష్యుడు థియోఫ్రాస్టసు రాళ్ళను గూర్చి వ్రాసిన చిన్న గ్రంథమున, సూర్యునికెదురుగ పట్టిన మండుచున్న బొగ్గువలె కనబడు ఎఱ్ఱరాతిని వర్ణించెను. అదే గ్రంథమున కమ్మరులు కొలిమిలో వాడు నేలబొగ్గును గూర్చియు చెప్పెను. మండెడి బొగ్గునకును, మండుచున్నట్లు కనబడు మణికిని ఆయన భాషలో ఒక్కటే మాట. ఆ రెండు బొగ్గులును పక్కపక్కనే పుట్టిన నేల ఇల్లందు సీమ. ఒకటి పొయ్యిలో మండినది, రెండవది మెడలో మండినది. మొదటిది ఇరువదియైదు కోట్ల ఏండ్లకు పైబడిన అడవుల శేషము, స్ఫటికరూపము లేనిది. రెండవది అంతకంటె ఎంతయో ప్రాచీనము; రూపమే ప్రాణమైనది.

మన రత్నశాస్త్రమున ఈ రాతి స్థాన మేమి? నవరత్నములలో ఎఱ్ఱనివి మాణిక్యమును ప్రవాళమును మాత్రమే. గోమేధికము గార్నెట్టు కుటుంబములోనిదే యైనను అది తేనెవన్నె గలది. దాని జాతియు వేఱు. వరాహమిహిరుడు బృహత్సంహితలో విస్తరించి చెప్పినవి వజ్రము, ముత్యము, పద్మరాగము, మరకతము. ఈ వరుసలో ఆల్మండైనునకు చోటు దొరకలేదు. ఇది గింజంత పూసగా జనుల మెడలలో తిరిగినదే కాని కిరీటముల కెక్కినట్లు కానరాదు. కృష్ణాతీరపు కొల్లూరు వజ్రములకు ఇట్టి గతి పట్టలేదు. అవి రాజులను, పేరులను, కథలను సంపాదించుకొన్నవి. గరీబుపేట రాయి తాను పుట్టిన పల్లె పేరునకు తగినట్లే గరీబుగా మిగిలినది.

ఆల్మండైనుతో ఆభరణము చేయువానికి ఒక చిక్కు కలదు. ఈ రాయి ముదురురంగు గలది. మందముగా కోసిన నల్లగా కనబడును. వెలుతురు లోపలికి చొచ్చి తిరిగి రాదు. దీనికి శిల్పులు కనుగొన్న ఉపాయములు రెండు. మొదటిది, పూసగానో గుండ్రనిబిళ్ళగానో చేసి వెనుకభాగమును తొలుచుట. రెండవది, రాతిని మిక్కిలి పలుచని రేకులుగా కోసి, బంగారపు గళ్ళలో పొదిగి, క్రింద తగడు వేయుట. ఐరోపాలో 5వ శతాబ్దమునుండి 7వ శతాబ్దమువరకు ఈ రెండవ పద్ధతి పరాకాష్ఠ నందెను. 1653లో నేటి బెల్జియములోని తూర్నే నగరమున బయల్పడిన ఫ్రాంకు రాజు చైల్డెరికు సమాధిలోని ఆభరణములును, 1939లో ఇంగ్లండున సట్టన్ హూ కడ త్రవ్వకములలో దొరకిన నౌకాసమాధిలోని భుజబంధములును ఈ పనికి ప్రసిద్ధములైన ఉదాహరణములు. అచటి తగడు నునుపైనది కాదు. దానిపై సన్నని గళ్ళు అద్దియుందురు. వెలుతురు ఆ గళ్ళపై బడి చెదరి రాతిని వెలిగించును. మన అవుసలులు కుందనపు పనిలో రాతిక్రింద తగడు పఱచుటయు ఇట్టి ఉపాయమే. ఇట శిల్పి రాతిపై తన ఇచ్చను రుద్దలేదు. రాతికి గల చీకటిని ఎఱిగి దానికి తగిన వెలుగును సమకూర్చెను.

ఈ ఐరోపా ఆభరణములలోని ఎఱ్ఱరాళ్ళు ఎచటివి? చిరకాలము దీనికి సమాధానము ఊహమాత్రముగనే యుండెను. ఫ్రాన్సు పరిశోధకులు థామస్ కలిగరో, పాట్రిక్ పెరాన్ మొదలగువారు ఫ్రాంకుల కాలపు గార్నెట్లను పరీక్షించి, వానిలో అధికభాగము భారతదేశమునుండియు సింహళమునుండియు వచ్చినవని తేల్చిరి. అయితే భారతదేశమున ఏ చోటు? దీనికి కావలసిన ఆధారము పుదుచ్చేరి సమీపమున నున్న అరికమేడునందు దొరకెను. 1945లో మార్టిమర్ వీలరు త్రవ్వించిన ఈ రేవుపట్టణమును ఎరిత్రయను సముద్ర పెరిప్లసులోని పొదుకె యని పండితులు గుర్తించిరి. రోమను మృణ్మయపాత్రలతోపాటు ఇచట పూసల పనివారి శిథిలములు కలవు. గార్నెట్టు పూసలును, సగము చేసి విడిచిన ముక్కలును దొరకినవి.

అరికమేడు ముక్కలను గరీబుపేట రాళ్ళతో పోల్చిన వ్యాసము 2017లో వెలువడెను. కార్ల్ ష్మెట్సరు, ఆల్బర్టు గిల్గు, కలిగరో, పెరాన్ మొదలగువారు దీని కర్తలు. రెండుచోట్ల రాళ్ళును రసాయనిక సంఘటనలో సరిపోయినవి. స్ఫటికము నడిమినుండి అంచువఱకు స్వల్పధాతువుల మార్పు రెండింట ఒకే తీరున నడచినది. అన్నిటికంటె ముఖ్యము, లోపల చిక్కిన పరఖనిజములు ఒకే విధమైనవి: సిల్లిమనైటు నారలు, మోనజైటు, జిర్కను మొదలగువాని సూక్ష్మకణములు. గరీబుపేటనుండి అరికమేడు ఆఱువందల కిలోమీటర్లకు పైబడిన దూరము. మఱుసటి సంవత్సరము, 2018లో, గిల్గు, ష్మెట్సరు, ష్యూస్లరు కలసి క్రైస్తవచిహ్నము చెక్కియున్న తొలి బైజాంటియను కాలపు ముద్రామణి నొకదానిని పగులగొట్టకయే పరీక్షించి, అదియు గరీబుపేట రాయియే యని నిర్ణయించిరి. కొత్తగూడెపు దాపున మట్టిలోనుండి ఏరిన రాయి ఓడలెక్కి మధ్యధరాసముద్ర తీరపు శిల్పిచేతికి చిక్కినదన్నమాట.

ఈ నిర్ణయములో ఒక మనవారి చేయియు కలదు. రాతి లోపలి కణము ఏ ఖనిజమో, రాతిని కోయకయే తెలిసికొనుటకు తోడ్పడినది రామను వర్ణపట పద్ధతి. 1928లో ఆ ఫలితమును కనుగొన్న సర్ చంద్రశేఖర వేంకట రామను బాల్యమున విశాఖపట్టణమున చదివినవాడు. రత్నములయందును స్ఫటికములయందును జీవితాంతము అనురాగము కలవాడు. ఆయన కనుగొన్న కాంతియే తెలుగునేల రాతికి దాని ఊరిపేరు తిరిగి ఇచ్చుటలో సాయపడెను.

ఇచట రత్నశాస్త్రమునకును నేటి పరిశోధనకును గల భేదము స్పష్టమగుచున్నది. బిందువు, రేఖ, త్రాసము, కాకపదము మున్నగునవి శాస్త్రకారులకు దోషములు. వెల కట్టువాని దృష్టితో అది యుక్తమే. గార్నెట్టు పెరుగుచు తనచుట్టునున్న ఖనిజములను మ్రింగినది. ఆ మ్రింగిన కణములే వెలకట్టువానికి మలినములు, చరిత్రకారునికి పుట్టినూరి ముద్రలు. ఏ మాలిన్యమును లేని నిర్మలరత్నము తన జన్మస్థానమును అంత సులభముగ చెప్పదు. శాసనపు రాతిపై అక్షరములు చెక్కినవాడు మనుష్యుడు. ఈ రాతిలో అక్షరములు చెక్కినది భూమియే. ఆ లిపిని చదువనేర్చుట మన విద్యార్థులకును అవసరము.

అయితే అతివ్యాప్తికి లోను కారాదు. ఐరోపా సమాధులలోని ఎఱ్ఱరాళ్ళన్నియు గరీబుపేటవే యనుట సాహసము. రాజస్థానమందును, సింహళమందును, ఇతరత్రను గార్నెట్లు కలవు. 7వ శతాబ్దమున ఐరోపావారు బొహీమియా గార్నెట్లను విరివిగా వాడిరి. పరీక్షింపబడిన ఒక్కొక్క రాతికే ఒక్కొక్క ఊరు చెప్పవలెను. పోలిక గలవానినన్నిటిని మనవనుట చరిత్ర కాదు, అభిమానము.

రాతి స్వభావమునకు తలయొగ్గుట ఈ ప్రాంతపు శిల్పమున క్రొత్త కాదు. ఇల్లందునకు ఉత్తరమున, పాలంపేటలో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో నిర్మింపించిన రామప్పగుడిని చూడుడు. 2021లో ఇది ప్రపంచవారసత్వ స్థలముగ గుర్తింపబడెను. గుడి గోడలు ఇసుకరాతివి. చూరుక్రింద నిలిచిన మదనికలు నల్లని డోలరైటువి. ఆ మదనికల హారములు, మేఖలలు, అందెలు సన్నని పనితనముతో నేటికిని చెక్కుచెదరక యున్నవి. డోలరైటులోని స్ఫటికములు మిక్కిలి చిన్నవగుటచే ఉలి ఎంత సన్నని గీత గీచినను అంచు విరుగదు. నునుపు పట్టిన అద్దమువలె మెఱయును. ఇసుకరాతిలో అది సాధ్యము కాదు. శిల్పి మొదట ఎన్నుకొన్నది రూపమును కాదు, ఖనిజమును. రాతిలో ఆభరణము చెక్కినవాడును, ఆభరణమున రాయి పొదిగినవాడును ఈ విషయమున ఒక్క బడిలో చదివినవారు.

నేటి కళాకారులు ఈ సూత్రమును మఱికొంత దూరము కొనిపోయిరి. 1960ల దశకమున లండనులో ఆండ్రూ గ్రీమా అను స్వర్ణశిల్పి సానపట్టని స్ఫటికములను పుట్టినవి పుట్టినట్లే తీసికొని, వాని వంకరలకు అనుగుణముగ బంగారమును మలచి ఖ్యాతి గాంచెను. 2008లో రోజర్ హయర్న్సు అను శిల్పి లండనులో పాడుపడిన యొక ఇంటిని 75,000 లీటర్ల మైలుతుత్తపు ద్రావణముతో నింపి, కొన్నివారముల తరువాత మిగిలిన ద్రవమును తోడివేసెను. గోడలు, కప్పు, నేల అన్నియు నీలిస్ఫటికములతో నిండిపోయినవి. 2013లో ఆ గదిని యార్క్‌షైరు శిల్పవనమునకు తరలించిరి. శిల్పి చేసిన పని స్ఫటికము పెరుగుటకు చోటిచ్చుటయే. శతాబ్దముల తరబడి స్ఫటికమును తనకు అనుకూలముగ కోసికొన్న కళ నేడు దాని సహజరూపమును, దాని మసకను, దాని నారలను గూడ అందముగ నెంచుచున్నది. ఒకప్పటి దోషము చరిత్రకారునికి సాక్ష్యమైనట్లే కళాకారునికి సౌందర్యమైనది.

ఈ దృష్టితో చూచిన గరీబుపేట రాయి మన శిల్పులకును అవుసలులకును క్రొత్త వస్తువు కాగలదు. మాణిక్యమునకు చౌకబాఱు మాఱుగా దానిని అమ్మనవసరము లేదు. లోపలి నారను దాచుటకు తగడు వేయుటకు బదులు, ఆ నార కనబడునట్లు అమర్చినచో ధరించినవారు ఒక ఊరి చరిత్రను ధరించినట్లగును. పరిశోధకులకు పని ఇంకను ఎక్కువ. ఏరినవారు, సానపట్టినవారు, బండ్ల కెత్తినవారు ఎవరు? పూసల పనికి, సానకు, తగటికి సంబంధించిన మాటలు ఈ సీమ పల్లెలలో ఎవ్వి మిగిలియున్నవి? తెలంగాణపు త్రవ్వకములలో దొరకి వస్తుప్రదర్శనశాలల పెట్టెలలో నున్న ఎఱ్ఱపూసలకు ఇట్టి పరీక్ష జరిగినచో, సముద్రము దాటిన కథయే కాక ఇంటనున్న కథయు తెలియును. ఈ పని భూగర్భశాస్త్రజ్ఞులు, పురావస్తువేత్తలు, భాషాధ్యాపకులు కలసి చేయవలసినది.

ఇల్లందు బొగ్గుపొరకు దానిని గుర్తించిన పండితుని పేరు పెట్టిరి. అది న్యాయమే. ఎఱ్ఱరాతిని మొదట గుర్తించి వంగి యేరుకొన్న చేతికి పేరు లేదు. ఇక దొరకదు కూడ. ఆ చేయి ఏరిన రాతికైనను ఊరిపేరు దొరకినది, అదియు దాని మాలిన్యము వలననే. మా బల్లపై ఎఱ్ఱరాతి నుంచిన విద్యార్థి మరల వచ్చినచో, దాని విలువ యెంత యను ప్రశ్నకు ఈమాఱు మేము తొందరపడి సమాధానము చెప్పము. రాతిని కిటికీకడకు గొనిపోయి, అందలి నారలను అతనికి చూపి, ఇవి మీ ఊరి అక్షరములని చెప్పుదుము.